పుట్టింట చుట్టమైన ఇంజను

బ్రిటనులో మూతబడిన చిన్న రైలుమార్గములను ప్రజలే చేరదీసి, తమ చేతులతో బాగుచేసి, తామే నడుపుకొనుట యొక ఆచారమైనది. అట్టి మార్గములలో మూడింటిపై, అనగా వేల్సునందలి ఫెస్టినియోగు, కార్న్‌వాలునందలి లాన్‌స్టన్, బెడ్‌ఫర్డుషైరునందలి లెయిటన్ బజర్డు మార్గములపై, ఒక అతిథి ఇంజను వచ్చి నడచిపోయినది. అది నాలుగు చక్రముల చిన్న ఆవిరి ఇంజను. దాని సంఖ్య 778. అంతకు పూర్వపు సంఖ్య 19. ఈ రెండు సంఖ్యలును మన దేశమున దానికి వేయబడినవే. అది డార్జిలింగు కొండ నెక్కిన బండి. మన కొండను, మన బొగ్గును, మన కూలివాని చెమటను ఎఱిగిన బండి. అట్టిదానిని అచ్చటి ప్రజలు అతిథిగా పిలుచుకొని తమ పట్టాలపై నడిపించుకొనిరి. విషయము చూచుటకు చిన్నది. దీని వెనుక మనము ఆలోచింపవలసిన ప్రశ్న మాత్రము చిన్నది కాదు.

ముందుగా ఆ ఇంజను చరిత్రము తెలిసికొందము. 1889వ సంవత్సరమున గ్లాస్గో నగరమందు షార్ప్ స్టూవర్టు కంపెనీవారు దీనిని నిర్మించిరి. అది దానికి పుట్టినిల్లు. అక్కడినుండి ఓడ నెక్కి వచ్చి డార్జిలింగు చేరెను. అది దానికి మెట్టినిల్లు. ఆ మెట్టినింట సుమారు ఏడుపదుల ఏండ్లు గడిపినది. ఈలోపల దేశము స్వతంత్రమైనది. 1948 అక్టోబరులో డార్జిలింగు మార్గము కంపెనీ చేతినుండి భారత ప్రభుత్వపు చేతికి వచ్చినది. 1962లో ఆ ఇంజను విక్రయింపబడి అమెరికాకు తరలిపోయినది. చికాగో ధనికుడొకడు దానిని కొనెను. ఇండియానా రాష్ట్రమునందలి హెస్టన్ ఆవిరియంత్ర ప్రదర్శనశాలలో అది అనేక సంవత్సరములు పనిలేక పడియుండెను. తుదకు 2002లో ఏడ్రియన్ షూటర్ అను ఆంగ్లేయుడు దానిని కొని బ్రిటనుకు తెప్పించి, బాగుచేయించి, ఆక్స్‌ఫర్డుషైరులోని తన యింటి ఆవరణమునందే పట్టాలు పఱపించి నడిపించెను. ఆయన చిల్టర్ను రైల్వే కంపెనీకి అధ్యక్షత వహించినవాడు. పగలెల్ల రైళ్లతో పనిచేసి యింటికి వచ్చియు రైలునే ప్రేమించినవాడు. 2022లో ఆయన మరణించెను. అయినను ఇంజను అనాథ కాలేదు. నేడది దాని సంరక్షణకై ఏర్పడిన ధర్మకర్తల సంస్థ యొక్క స్వాధీనమున నున్నది.

అతిథి ఇంజను అనుమాట మనవారికి క్రొత్తగా తోచవచ్చును. రైలుబండి పట్టాలపైని బ్రదుకునదే కదా, దానికి చుట్టరికము లేమిటని కొందఱు నవ్వవచ్చును. కాని ఆ దేశమున ఈ మర్యాద కొక పద్ధతి కలదు. ఒక్కొక్క చిన్న మార్గమునకును కొన్ని సొంత ఇంజనులుండును. సంవత్సరమున కొకటి రెండు పర్యాయములు ఉత్సవము జరుపుకొని, వేఱొక మార్గపు ఇంజనును కొన్ని దినముల కొఱకు ఆహ్వానింతురు. దానిని పెద్ద లారీపై నెక్కించి రాజమార్గమున తెత్తురు. రాగానే పట్టాలపైకి తోలరు. బాయిలరు పరీక్షాపత్రము చూతురు. బ్రేకులును కొక్కెములును తమ పెట్టెలకు సరిపడునో లేదో చూతురు. చక్రముల నడిమి కొలత చూతురు. డార్జిలింగు పట్టాల నడిమి వెడల్పు 2 అడుగులు. ఫెస్టినియోగు పట్టాలది 1 అడుగు 11½ అంగుళములు. ఆ అర అంగుళమును కూడ లెక్కకు దెచ్చినగాని అతిథి అడుగు పెట్టజాలదు. ఆతిథ్యమనిన మాటలతో గాక కొలతలతో జరుగవలసిన పని యిది.

ఇది విన్నంతనే మనలో కొందఱికి కోపము రావచ్చును. మన సొత్తు పరాయివాని పాలయ్యెనే యని నిట్టూర్పు విడువవచ్చును. పరపాలనమున మన దేశమునుండి తరలిపోయిన వస్తువులు అనేకములు కలవు. వానిని గుఱించిన ఆవేదన న్యాయమైనది. ఈ ఇంజను విషయమున అట్టి ఫిర్యాదు చెల్లదు. దీనిని ఎవడును దోచుకొని పోలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పదునైదు సంవత్సరములకు, మన ప్రభుత్వపు చేతిలోనుండగా, ధర కట్టి అమ్మినదే. అమ్మినవారిని కూడ మిక్కిలి నిందింపబనిలేదు. ఆనాడు దేశమునకు క్రొత్త ఇంజనులు కావలసియుండెను. చిత్తరంజను కర్మశాలలో 1950 మొదలు 1972 వఱకు 2,351 ఆవిరి ఇంజనులు మనవారు నిర్మించిరి. క్రొత్తదానిని సొంతముగా చేయగలిగిన ఉత్సాహమున పాతదానిని లెక్కింపకపోవుట మానవ సహజము. అయినను సహజమైన ప్రతిదియు హితము కాదు. కొన్నవాడు దాని విలువ నెఱిగెను; అమ్మినవారు బరువును మాత్రమే ఎఱిగిరి.

ఆ ఇంజను విలువ ఇనుములో లేదు, అది చేసిన పనిలో నున్నది. డార్జిలింగు మార్గము 1879లో మొదలిడి 1881లో పూర్తియైనది. సిలిగురి మైదానమునుండి బయలుదేరి ఘూము స్టేషను చేరునప్పటికి బండి 7,407 అడుగుల ఎత్తునకు వచ్చును. పండ్లచక్రముల సహాయము లేదు. త్రాళ్లతో లాగుట లేదు. నున్నని చక్రము నున్నని పట్టాను పట్టుకొని ఎక్కవలసినదే. 20, 25 అడుగులు సాగునంతలో ఒక అడుగు ఎత్తు ఎక్కవలసిన చోటులు కలవు. కొండ అడ్డగించినచోట బండి తన చుట్టు తానే తిరిగి పైకి వచ్చును. తిరుగుటకును చోటు లేనప్పుడు వెనుకకు నడచి, మరల ముందునకు నడచి, మెట్టుమెట్టుగా ఎక్కును. వానకు పట్టాలు తడిసి చక్రము జాఱునప్పుడు ఇంజను ముందుభాగమున కూర్చుండిన ఇద్దఱు మనుష్యులు పిడికిళ్లతో ఇసుక చల్లుచుందురు. వేఱొకడు బొగ్గుపై కూర్చుండి పెద్ద గడ్డలను పగులగొట్టి అందించుచుండును. ఒకడు నిప్పు చూచును, ఒకడు నడుపును. ఇంత చిన్న ఇంజనునకు అయిదుగురు సేవకులు. ఈ అయిదుగురి పేర్లును ఏ ఫలకముపైనను చెక్కబడలేదు.

పరపాలకులు తమ వేసవి సౌఖ్యమునకును, తేయాకు వ్యాపారమునకును వేసికొన్న మార్గమును మనము తలపై నెత్తుకొననేల యని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే, తప్పించుకొనరాదు. పెట్టుబడి పరులది, లాభము పరులది, చక్రము సయితము పరదేశమున పోతపోసినది. కాని ఆ చక్రమును అన్ని ఏండ్లు తిరుగునట్లు చేసిన చేయి ఎవరిది? ఈ తరగతి ఇంజనులు మొత్తము 34 నిర్మింపబడెను. వానిలో మూడింటిని కొండ నడుమనున్న తిన్‌ధారియా కర్మశాలలోనే కూర్చిరి. గ్లాస్గోలో జరుగవలసిన పని హిమాలయమున జరిగెను. చేసినవారు ఆ కొండ ప్రజలు. మన దేశపు పనివానికి యంత్రమును బాగుచేయుట మాత్రమే గాక నిర్మించుటయు చేతనగునని ఆ మూడు ఇంజనులు నోరు లేకయే చాటినవి. కావున ఆ బండిని కాపాడుట పరపాలనమునకు పూజచేయుట కాదు. మన శ్రమకు మనము సాక్ష్యము నిలుపుకొనుట.

ఇక ఆ అతిథిని పిలిచినవారి చరిత్రమును చూడుడు. దూరపు కొండలు నునుపని సామెత. బ్రిటనులోనివారు పాతవస్తువులను ఎల్లప్పుడును పువ్వులలో పెట్టి పూజించిరనుకొనుట పొరపాటు. ఫెస్టినియోగు మార్గము 1836లో పలకరాయి తోలుటకు వేయబడినది. మొదట దిగువకు బండ్లు వాలున తామే జాఱెడివి. ఎగువకు గుఱ్ఱములు ఈడ్చెడివి. 1863లో ఆవిరి వచ్చెను. అంత చిన్న పట్టాలపై ఆవిరి ఇంజను నడచుట చూచుటకు అనేక దేశములనుండి ఇంజనీర్లు వచ్చిరి. అట్టి ఖ్యాతిగల మార్గము 1946లో మూతబడెను. పట్టాలపై ముండ్లపొదలు పెరిగెను. దానిని ఆదుకొనినవారు రాజులు కారు, మంత్రులు కారు. ఉద్యోగములు చేసికొనువారు, విద్యార్థులు, దుకాణదారులు, పని చాలించిన వృద్ధులు. అంతకు ముందే, 1951లో, పొరుగుననున్న టాలిలిన్ మార్గమును ఇట్టి స్వచ్ఛంద సేవకులే చేపట్టి ప్రపంచమునకు దారి చూపియుండిరి. 1955లో ఫెస్టినియోగుపై బండి మరల కదలెను.

కదలినంతనే కష్టములు తీఱలేదు. విద్యుచ్ఛక్తి కొఱకు కట్టిన జలాశయము మార్గములో కొంత భాగమును ముంచివేసినది. మఱియొకరైనచో అంతటితో చాలునని చేతులు దులుపుకొనెడివారు. ఆ సేవకులు 1965 మొదలు 1978 వఱకు, సెలవు దినములలో పాఱలు గునపములు పట్టి, కొండప్రక్కను త్రవ్వి, మునిగిన దారికి బదులు క్రొత్త దారి వేసికొనిరి. 1982లో బండి మరల పైపట్టణమైన బ్లైనై ఫెస్టినియోగు చేరెను. మూతబడిన దినము మొదలు ఆ దినము వఱకు 36 సంవత్సరములు. పని మొదలిడిన యువకులకు తల నెరసెను. వారి బాస్టన్ లాడ్జి కర్మశాలలో 1979లో ఒకటి, 1992లో ఒకటి, 2023లో మఱియొకటి, జంటముఖముల ఇంజనులు క్రొత్తగా తయారైనవి. లెయిటన్ బజర్డు మార్గము 1919లో ఇసుక తోలుటకు వేయబడినది. ఇసుక వ్యాపారము తగ్గినపుడు ప్రజలు దానిని కైకొనిరి. లాన్‌స్టన్ బండి 1966లో మూసివేసి పట్టాలు పెఱికివేసిన దారిపై 1983లో క్రొత్తగా చిన్న పట్టాలు పఱచి నడపబడినది. అనగా మన ఇంజనునకు ఆతిథ్యమిచ్చిన మూడు ఇండ్లును చేజాఱినదానిని చేజిక్కించుకొన్న ఇండ్లే. చేజార్చుకొనుట యెట్టిదో తెలిసినవారే చుట్టమును ఆదరింప నేర్తురు.

అతిథిని పిలుచుట కేవలము వేడుక కాదు. అందొక విద్య దాగియున్నది. ఆవిరి ఇంజను మీట నొక్కిన నడచునది కాదు. చల్లని బాయిలరును తొందరపడి కాచిన లోపలి ఇనుము ఒకచోట సాగి ఒకచోట సాగక చీలికలు పడును. కావున గంటల తరబడి ఓపికతో వేడి యెక్కింపవలెను. ఎత్తు ఎక్కునపుడు బాయిలరులోని నీరు ఒక ప్రక్కకు ఒరుగును. నిప్పుపెట్టె పైకప్పు నీటినుండి తేలినచో అది కాలి ప్రమాదమగును. అట్టి సమయమున కరగి హెచ్చరించుటకు అందొక సీసపు బిరడా ఉంచుదురు. కాని మంచి పనివాడు బిరడా కరగువఱకు ఆగడు. గాజుగొట్టమునందలి నీటిమట్టమును చూచి, పొగ రంగును చూచి, ఇంజను ఊపిరి శబ్దమును విని ముందే గ్రహించును. ఈ జ్ఞానము పుస్తకమున దొరకునది కొంత, గురువు ప్రక్కను నిలిచి చేయి కాల్చుకొనిన దొరకునది చాల. పరాయి ఇంజను వచ్చినపుడు సొంత ఇంజనుతో పోల్చుకొని రెండింటి స్వభావమును నేర్తురు. దానితో వచ్చిన పనివాడు తనకు తెలిసినది చెప్పును, తెలియనిది అడిగి తెలిసికొనును. ఇట్లు ఇంజనుతో బాటు విద్యయు ఊరూర తిరుగును.

కావుననే స్టేషను ముందఱ అరుగుపై రంగు వేసి నిలిపిన ఇంజనునకును, నిప్పుతో నడచెడు ఇంజనునకును మిక్కిలి భేదము కలదు. అరుగుపైనిది విగ్రహము. బాలురు ఎక్కి ఆడుకొందురు, పెండ్లివారు ఫొటో తీయించుకొందురు, వానకు తుప్పుపట్టును, ఏటేట మఱియొక పూత రంగు వేయుదురు. అది ఎట్లు నడచెడిదో చెప్పగలవాడు ఒక్కడు మరణించిన, ఆ విద్యలో ఒక అధ్యాయము చితిపైనే కాలిపోవును. నడచెడు ఇంజను అట్లు కాదు. అది ప్రతి దినము ఒక పనివానిని కోరును. ఆ పనివాడు ఒక శిష్యుని కోరును. వస్తువును కాపాడుటకు మార్గము దానిచేత పని చేయించుటయే.

మన దేశమున ఈ విద్య లేకపోలేదు. పెద్ద పట్టాలపై నిత్యము నడచెడు ఆవిరి బండ్లు 1995తో ముగిసినవి. అయినను 1855లో లీడ్సు నగరమున పుట్టిన ఫెయిరీ క్వీన్ 1997లో మరల నడచినది. కొన్ని భాగములు దొంగిలింపబడి మూలపడగా, పెరంబూరు కర్మశాలవారు బాగుచేసి 2017లో తిరిగి పట్టా లెక్కించిరి. నీలగిరి మార్గమునకు కావలసిన పండ్లచక్రపు ఆవిరి ఇంజనులను తిరుచిరాపల్లి పొన్మలై కర్మశాలవారు ఈ శతాబ్దమునందే క్రొత్తగా నిర్మించిరి. ప్రపంచమున ఎన్ని దేశములు నేడీ మాట చెప్పుకొనగలవు? హర్యానాలోని రేవాడి షెడ్డునందు పాత ఇంజనులు నిప్పుతో బ్రదికియున్నవి. డార్జిలింగు మార్గమును 1999లో, నీలగిరి మార్గమును 2005లో, కాల్కా సిమ్లా మార్గమును 2008లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఇంజను కలదు, కర్మశాల కలదు, నిపుణుడు కలడు, కీర్తి కలదు.

లేనిదొక్కటే. ఈ సంపదలో సామాన్య పౌరునికి టిక్కెట్టు కొనుటకు మించిన భాగము లేదు. మార్గము శాఖవారిది, ఇంజను శాఖవారిది, బాగుచేసిన శాఖవారు చేయవలెను, పాడైన శాఖవారిని తిట్టవలెను. ఇదియే మన ప్రజల అభిప్రాయము. శాఖవారి అభిప్రాయమును దాదాపు ఇట్టిదే. ఇందువలన కలిగిన ఫలమునకు ఒక చిన్న నిదర్శనము. మన దేశమునను అతిథి ఇంజనులు లేకపోలేదు. డార్జిలింగు ఇంజనులలో 794 సంఖ్యగలదానిని 2001 మార్చిలో మహారాష్ట్రమందలి మాథేరాను కొండకు తరలించిరి. అచ్చటి పట్టాలును 2 అడుగులవే కనుక సరిపోవును. ఆలోచన దొడ్డది. కాని ఆ ఇంజను బండి లాగనారంభించినది 2002 మేలో. 14 నెలలు! వచ్చిన చుట్టమునకు కాళ్లకు నీళ్లిచ్చుటకే సంవత్సరము దాటినది. కారణము లేవైనను కావచ్చును. కాని ఆ 14 నెలలలో ఆ ఇంజనును గుఱించి అడుగుటకును, తోడుపడుటకును హక్కుగల పౌరసంఘ మొకటి ప్రక్కనున్నచో అంత ఆలస్యము ప్రజల కంటబడకుండ జరిగెడిదా?

మన తెలుగుసీమకును చిన్నపట్టాల బండి పరాయిది కాదు. శ్రీకాకుళము జిల్లా నౌపడానుండి పర్లాకిమిడికి ఆ సంస్థానాధీశుని పూనికతో 1900లో 2½ అడుగుల పట్టాల మార్గము వెలసినది. తరువాత అది గుణుపురము వఱకు సాగినది. 2004లో దానిని మూసి పెద్దపట్టాల మార్గముగా మార్చిరి. మార్చుట తప్పనువాడు అవివేకి. రోగికిని రైతునకును వేగముగా నడచెడు బండి కావలెను. కాని పెద్ద బండి వచ్చిన సంతోషమున చిన్న బండికి ఒక మైలు పట్టాలైనను మిగుల్చుకొంద మన్న సంకల్పముతో ఊళ్లు కదలలేదు. నేటి బాలుడు తన తాత ఎక్కిన ఆ పొగబండి నిప్పు క్రక్కుచు రాగా చూడగలడా? బొమ్మలో చూడవలసినదే.

స్వచ్ఛంద సేవ మన రక్తమున లేదు, అది పాశ్చాత్యుల గుణమని కొందఱందురు. ఈ మాటను పఠనమందిరమున కూర్చుండి పత్రిక చదువువాడు నమ్మరాదు. అతడు కూర్చుండిన గదియే దానికి జవాబు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినప్పుడు ఏ ప్రభుత్వము ఆజ్ఞ యిచ్చినది? ఊరూర గ్రంథాలయములు స్థాపించినవారు జీతగాండ్రా? 1935లో పాతూరి నాగభూషణముగారు మొదలగువారు కృష్ణ కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవలో గ్రంథాలయము నడిపిరి. పుస్తకములు పడవనెక్కి రేవురేవున ఆగి చదువరులను పలుకరించెను. పడవను పుస్తకశాలగా మార్చిన జాతికి పాత ఇంజనును పాఠశాలగా మార్చుట చేతకాదనుట ఎట్లు? మన పెద్దలు చూపిన దారి మఱచితిమే గాని, దారి లేకపోలేదు. పెరటి చెట్టు మందుకు రాదన్నట్లు, మనవారు చేసినది మనకు ఆదర్శముగా తోచుట లేదు.

ధనము మాటయు, పొగ మాటయు మిగిలియున్నవి. రోడ్లు, వైద్యశాలలు చాలని దేశమున పాత ఇనుమునకు డబ్బు పోయుట యేల యందురు. ఆ సందేహము తీర్పవలసినదే. ఈ పనికి బొక్కసమునుండి ధారపోయుమని ఎవరును కోరుట లేదు. సంఘములకు చందాలు కలవు, చేతులు కలవు, సెలవు దినములు కలవు. కావలసినది అనుమతియు, అనుభవజ్ఞుని పర్యవేక్షణయు. ఇదిగాక ఇట్టి మార్గము నడచినచోట పూటకూళ్లయిల్లు నిలుచును, చిన్న దుకాణము నిలుచును, కమ్మరికిని వడ్రంగికిని పని దొరకును. పొగ విషయమున ఒప్పుకొనవలసినది కలదు: ఇకమీదట దేశపు ప్రయాణము ఆవిరితో జరుగరాదు, జరుగబోదు. ఏటికి కొన్ని దినములు కొన్ని మైళ్లు నడచెడు కొలదిపాటి ఇంజనుల పొగ వేఱు, వేల ఇంజనుల పొగ వేఱు. దేవాలయమున దీపము వెలిగించువాడు ఊరి వీథులకు విద్యుద్దీపములు వలదనుట లేదు కదా.

కావున చేయవలసినవి మూడు. మొదటిది, ప్రతి వారసత్వ మార్గమునకును పౌరుల సహాయక సంఘమును గుర్తించి, పట్టాల ప్రక్క కలుపు తీయుట మొదలు కర్మశాలలో చేయి కలుపుట వఱకు, వారి వారి నేర్పును బట్టి పని ఈయవలెను. రెండవది, ఏటేట ఒక ఇంజనును పనివారితో సహా ఒక మార్గమునుండి మఱియొక మార్గమునకు అతిథిగా పంపవలెను. డార్జిలింగునకు మాథేరాను కలదు. కాల్కా సిమ్లాకు, అదే 2½ అడుగుల పట్టాలుగల కాంగడాలోయ మార్గము కలదు. పంపు దినము, నడచు దినము ముందే ప్రకటింపవలెను. 14 నెలల నిరీక్షణ మరల జరుగరాదు. మూడవది, తిన్‌ధారియా, పెరంబూరు, పొన్మలై కర్మశాలలలో పని చాలించిన వృద్ధ నిపుణులను గౌరవముతో పిలిచి, ఒక్కొక్కరి చేతిక్రింద ఇద్దఱేసి యువకులను నిలుపవలెను. ఈ మూడింటిలో ఏదియు ఆకాశమునుండి చుక్కలు దెచ్చుట కాదు.

778వ ఇంజను ఒకసారి డార్జిలింగునకు చుట్టపుచూపుగా వచ్చిన బాగుండునని ఎవరికి తోచదు? తోచినంతలో తప్పు లేదు. కాని పిలుచుటకు ముందు ఇల్లు చక్కబెట్టుకొనవలెను. దాని తోబుట్టువులు నేటికిని డార్జిలింగు, ఘూము నడుమ విహారపు బండ్లను లాగుచున్నవి. వానికి మంచి బొగ్గు, తగిన మరమ్మతు, నేర్పరియైన చేయి మనము సమకూర్చుచున్నామా? సమకూర్చితిమా, అమ్ముడుపోయిన ఒక్కదాని కొఱకు దుఃఖింప బనిలేదు. సమకూర్పమా, అది వచ్చి చేయగలిగినదియు లేదు.

స్వరాజ్యమనగా సొత్తుపై మన ముద్ర పడుట మాత్రమే కాదు; సొత్తునకు మన కాపుదల కలుగుట. ముద్ర 1948లోనే పడినది. కాపుదల యింకను పౌరుల చేతికి రావలసియున్నది. శాఖలు వచ్చును, మంత్రులు మారుదురు, ప్రణాళికలు మారును. ఊరివాడు ఊరిలోనే యుండును. ఊరివాడు తనదని పట్టుకొన్నదే నిలుచును. పట్టణములందలి విద్యావంతులారా! మీ చెంత పాత స్టేషనున్నను, పాడుపడిన షెడ్డున్నను, పని మానిన డ్రైవ రొకడున్నను, ఈ ఆదివారమే పోయి పలుకరింపుడు. వాని మాటలు వ్రాసికొనుడు. పదిమంది కూడి సంఘమని పేరు పెట్టుకొనుడు. అర్జీ తరువాత వ్రాయవచ్చును.